కోట నీడన కాపురాలు: ప్రేగ్ నగరంలో పేర్లున్న ఇళ్లు

కోటల చరిత్ర రాసినవారు చాలామంది ఉన్నారు. ఏ రాజు పునాది వేశాడు, ఏ సేనాని ముట్టడించాడు, ఎవరి పట్టాభిషేకం ఎప్పుడు జరిగింది అన్న సంగతులు ఏ పుస్తకం తెరిచినా దొరుకుతాయి. ఆ కోట గోడ కిందనే ఇళ్లు కట్టుకుని, కోటను నమ్ముకుని బతికిన కమ్మరులు, కంసాలులు, గుమాస్తాలు, చిల్లర దుకాణదారుల సంగతి మాత్రం అంత సులువుగా దొరకదు. సర్వీసంతా ఏదో ఒక కార్యాలయం నీడన గడిపి, చివరకు ఒక ఇంట స్థిరపడిన మనలాంటి వారికి ఆసక్తి కలిగించవలసింది నిజానికి ఆ రెండో చరిత్రే. అందుకని ఈ ప్రత్యేక సంచికలో కోటను కాస్త పక్కన పెట్టి, కోట కింద ఉన్న ఒక పాత పేట గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఆ పేట ఐరోపా ఖండం నడిబొడ్డున, చెక్ దేశపు రాజధాని ప్రేగ్ నగరంలో ఉంది. దాని పేరు మాలా స్ట్రానా. చెక్ భాషలో ఆ మాటకు అర్థం ‘చిన్న వైపు’.

కొండ మీద కోట, కింద పేట

ప్రేగ్ నగరం మధ్యగా వ్లటావా నది ప్రవహిస్తుంది. నదికి ఎడమ గట్టున కొండ, కొండ మీద కోట ఉన్నాయి. తొమ్మిదవ శతాబ్దంలో మొదలైన ఆ కోట క్రమంగా పెరిగి పెరిగి నేడు సుమారు 70 వేల చదరపు మీటర్ల విస్తీర్ణం గలదై, ఆ దేశాధ్యక్షుని అధికార నివాసంగా ఉంది. కోటకూ నదికీ నడుమ ఏటవాలు నేలలో 1257లో రెండవ ప్రెమిస్ల్ ఒటాకర్ రాజు ఒక కొత్త పట్టణాన్ని స్థాపించాడు. అదే మాలా స్ట్రానా. ఆవలి గట్టున ఉన్న పెద్ద పట్టణంతో పోల్చితే ఇది చిన్నది కనుక ఆ పేరు స్థిరపడింది. తరువాత 1360-62 మధ్య నాలుగవ చార్లెస్ చక్రవర్తి కట్టించిన ప్రాకారంతో పేట మరికొంత విస్తరించింది. ఆ గోడకు ‘ఆకలి గోడ’ అని పేరు. కరవు కాలంలో పేదలకు పని కల్పించడానికి దాన్ని కట్టించాడని జనం చెప్పుకుంటారు. కరవు పనుల కింద చెరువు గట్లు పోయించిన మన ప్రాంతాలవారికి ఆ పేరు వెంటనే అర్థమవుతుంది.

ఈ పేటలో పేరుపొందిన వీధి పేట నడిచౌకు నుంచి కోట వైపు నిటారుగా ఎక్కుతుంది. పట్టాభిషేకానికి వెళ్లే రాజుల ఊరేగింపు ఈ వీధి మీదుగానే సాగేది. ప్రేగ్‌లో చివరి పట్టాభిషేకం 1836లో జరిగింది. ఈ వీధి పాత పేరు ఓస్ట్రుహోవా. గుర్రపు రౌతు బూటు మడమకు తగిలించుకునే ఇనుప ముల్లును చేసే కమ్మరులు అక్కడ ఉండేవారు కనుక ఆ పేరు వచ్చింది. పైన కోటలో రౌతులు, కింద వీధిలో వారికి సామగ్రి చేసేవారు. కోటకూ పేటకూ ఉన్న సంబంధం ఆ ఒక్క పేరులోనే ఉంది.

అగ్నిలో పోయిన దస్తావేజులు

1541వ సంవత్సరం జూన్ 2న ఈ పేటలో నిప్పు అంటుకుంది. ఇరుకు సందులు, కర్ర దూలాలు, ఆపైన గాలి. పేటలో ఎక్కువ భాగం కాలిపోయి, మంట కొండెక్కి కోటను కూడా అంటుకుంది. ఇందులో మన రెవెన్యూ, రిజిస్ట్రేషన్ శాఖల మిత్రులు ప్రత్యేకంగా గమనించవలసిన నష్టం ఒకటుంది. దేశంలోని భూములు, హక్కులు, క్రయవిక్రయాలు నమోదు చేసే రాజ్యపు భూమి రికార్డులు కోటలోనే ఉండేవి. అవీ దగ్ధమయ్యాయి. దానితో హక్కుదారులందరూ తమ దగ్గర మిగిలిన పత్రాలు తెచ్చి మళ్లీ నమోదు చేయించుకోవలసి వచ్చింది. గోడ కాలితే మళ్లీ కట్టవచ్చు. రికార్డు కాలితే ఎంత చిక్కో, ఒక్క ఫైలు కోసం రికార్డు గదిలో రోజుల తరబడి వెతికిన వారికి వేరే చెప్పనవసరం లేదు.

అగ్నిప్రమాదం తరువాత పేట కొత్త రూపు దాల్చింది. ఇటలీ నుంచి తాపీ మేస్త్రీలు, శిల్పులు వచ్చి ఇక్కడే కాపురాలు పెట్టారు. వారు ఉన్న వీధికి నేటికీ ఇటాలియన్ వీధి అనే పేరుంది. వారితో పాటు ఒక కొత్త గచ్చుపని వచ్చింది. ముదురు రంగు గచ్చు మీద లేత రంగు గచ్చు పూసి, అది తడిగా ఉండగానే పై పొరను గీకి బొమ్మలు, గీతలు తేలేలా చేయడం అందులోని కిటుకు. కోట ముందున్న చౌకులో ష్వార్జెన్‌బర్గ్ భవనం గోడల మీద ఈ పని ఇప్పటికీ చూడవచ్చు.

కొత్త ఇళ్లను పాత ఇళ్ల పునాదుల మీదనే లేపారు. వీధి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ ఉండే పాత స్థలాల హద్దులు అలాగే నిలిచాయి. అందువల్ల ఇక్కడి ఒక్కొక్క ఇంట్లో మూడు నాలుగు కాలాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. నేల కింది కొట్టు పద్నాలుగవ శతాబ్దానిది కావచ్చు. దాని మీది కమాను గది పదహారవ శతాబ్దానిది. వీధి వైపు పూలతీగల అలంకారంతో కనిపించే ముఖభాగం పద్దెనిమిదవ శతాబ్దానిది. తాత కట్టిన సావిడి, తండ్రి వేసిన మేడ, కొడుకు మార్చిన వీధి అరుగు అన్నట్టుగా ఉంటుంది.

1620లో ప్రేగ్ సమీపాన తెల్లకొండ యుద్ధం జరిగింది. ఓడినవారి ఆస్తులు జప్తు అయ్యాయి, మతం మారని కుటుంబాలు దేశం విడిచి పోయాయి. గెలిచిన పక్షాన ఉన్న సేనానులకు, ప్రభువులకు ఆ ఇళ్లు, స్థలాలు చవకగా దక్కాయి. వారిలో వాలెన్‌స్టైన్ అనే సేనాపతి 1623-30 మధ్య తన మహాభవనం కోసం ఇరవైకి పైగా ఇళ్లను పడగొట్టించాడు. ఇంత చేసి ఆయన 1634లోనే హత్యకు గురయ్యాడు. ఆ భవనంలో నేడు చెక్ పార్లమెంటు ఎగువసభ సమావేశమవుతోంది. రోడ్డు విస్తరణ నోటీసులు అందుకున్నవారు ఆ ఇరవై పైచిలుకు కుటుంబాల పరిస్థితి ఊహించుకోగలరు. భవనం కట్టించినవాడి పేరు లోకానికి తెలుసు. ఇళ్లు పోగొట్టుకున్నవారిని తలచుకునేవారు లేరు.

ఇంటికే ఒక పేరు

ఇక ఈ పేట ఇళ్ల అసలు విశేషానికి వద్దాం. పూర్వం ఇళ్లకు నంబర్లు లేవు. ఉత్తరం తెచ్చినవాడైనా, సరుకు తెచ్చినవాడైనా ఇల్లు గుర్తుపట్టడం ఎలా? గుమ్మం మీద ఒక బొమ్మ పెట్టేవారు. రాతితో చెక్కినది, గచ్చుతో పోసినది, రంగుతో వేసినది, ఏదైనా సరే. ఎర్ర గద్ద, ఎర్ర గొర్రెపిల్ల, బంగారు తాళంచెవి, బంగారు గుర్రపు లాడం, ఆకుపచ్చ ఎండ్రకాయ, తెల్లహంస. ఆ బొమ్మే ఇంటికి పేరు. చదువు రానివాడు కూడా చదవగల పేరు అది.

కొన్ని బొమ్మలు ఆ ఇంటివారి వృత్తిని చెబుతాయి. ఈ వీధిలోని 12వ నంబరు ఇంటి మీద మూడు వయొలిన్లు ఉన్నాయి. అందులో ఎడ్లింగర్ అనే వయొలిన్ తయారీదారుల కుటుంబం ఉండేది. ‘బంగారు గిన్నె’ అనే ఇంట్లో కంసాలి ఉండేవాడు. ‘బంగారు సింహం’ అనే ఇంట్లో మందుల దుకాణం నడిచింది. దాని పాత బీరువాలు, సీసాలు తరువాత ప్రదర్శనశాల అయ్యాయి. వృత్తిదారు పోయి వేరొకరు వచ్చినా ఇంటి పేరు మారేది కాదు. క్రయపత్రాలలో కూడా ఆ పేరే రాసేవారు.

మన తెలుగువారికి ‘ఇంటిపేరు’ అంటే మనిషి పేరుకు ముందు రాసుకునేది. మూలంలో అది ఇంటి నుంచి మనిషికి వచ్చిన పేరే. చెక్ పల్లెలలోనూ ఇలాంటి ఆనవాయితీ ఉండేది. రికార్డులలో ఉన్న వంశనామం ఒకటైతే, ఊళ్లో పిలిచేది మాత్రం ఉంటున్న ఇంటి పేరుతో. ఆ ఇల్లు కొనుక్కుని వచ్చినవాడిని కూడా ఊరు అదే పేరుతో పిలిచేది. ఇల్లు మనిషికి పేరు ఇవ్వడమనే ఆలోచన మనకూ వారికీ వేరువేరుగా తట్టిందన్నమాట.

నంబరు వచ్చింది

1770లో మరియా థెరీసా మహారాణి ప్రభుత్వం ఇళ్లన్నిటికీ నంబర్లు వేయించింది. ఉత్తరాలు సరిగా చేరాలన్నది దాని ఉద్దేశం కాదు. సైన్యంలోకి ఎవరెవరిని తీసుకోవచ్చో తేల్చాలంటే ముందు ఇళ్లు లెక్కపెట్టాలి, ఇంటింటికీ మనుషులను లెక్కపెట్టాలి. జనాభా లెక్కల డ్యూటీ చేసిన మిత్రులు ఈ పద్ధతిని ఇట్టే గుర్తుపడతారు. 1784లో రెండవ జోసెఫ్ చక్రవర్తి ఈ పేటను, కోట పక్కనున్న హ్రడ్చానీని, నది ఆవలి రెండు పట్టణాలను కలిపి ఒకే ప్రేగ్ నగరంగా చేశాడు. అయినా ఏ పట్టణం నంబర్ల వరుస దానిదిగానే ఉండిపోయింది. వీధి వారీగా చూస్తే ఆ నంబర్లు ముందువెనుకలుగా కనిపించేవి. అందుచేత పందొమ్మిదవ శతాబ్దంలో ప్రతి వీధికీ వేరే వరుస నంబర్లు కూడా చేర్చారు.

ఫలితంగా నేటికీ ప్రేగ్‌లో ఇంటి గోడ మీద రెండు పలకలు ఉంటాయి. ఎర్ర పలక మీది నంబరు రికార్డు కోసం, నీలి పలక మీది నంబరు వీధిలో వెతుక్కోవడానికి. ‘రెండు సూర్యులు’ అనే ఇల్లు రికార్డులో 233, వీధిలో 47. పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు రెండూ రాయించి, మధ్యలో ఏది చెల్లుతుందో తెలియక తిరిగిన మన అనుభవంతో పోల్చితే, రెండు నంబర్లనూ దాచిపెట్టకుండా రెండు రంగులలో గోడ మీదనే పెట్టడం మెచ్చుకోదగినదే. నంబర్లు వచ్చాక బొమ్మల అవసరం తీరిపోయింది. అయినా చాలామంది వాటిని తీసెయ్యలేదు. వాటికి వెల్లవేయించి, రంగు పూయించి అలాగే ఉంచుకున్నారు.

ఆ ఇళ్లలోని మనుషులు

‘రెండు సూర్యులు’ ఇంట్లో 1845 నుంచి 1857 వరకు ఒక మాజీ సైనికుని కుటుంబం కాపురం ఉంది. తండ్రి చిన్న దుకాణం నడిపేవాడు. తల్లి ఇతరుల ఇళ్లలో పనిచేసేది. వారి కుమారుడు యాన్ నెరూడా (1834-1891) చెక్ భాషలో గొప్ప కవి, కథకుడు, పత్రికా రచయిత అయ్యాడు. చిలీ దేశపు నోబెల్ బహుమతి గ్రహీత పాబ్లో నెరూడా కలంపేరు ఈయన పేరు నుంచే వచ్చిందని చాలామంది అంటారు. యాన్ నెరూడా 1878లో తన పేట మనుషుల గురించి కథల సంపుటి ప్రకటించాడు. అందులో రాజులు లేరు. అద్దె ఇళ్లవారు, దుకాణదారులు, పెన్షన్ మీద బతికే ముసలివారు, చిన్న ఉద్యోగులు, ముష్టివారు ఉన్నారు. అప్పటికే ప్రభువులు వియన్నాకు తరలిపోయి, పేట సద్దుమణిగి, ఇలాంటి సామాన్యులదే అయింది.

ఆ సంపుటిలో ఒక కథ చెప్పుకోదగినది. వోరెల్ అనే కొత్త మనిషి ఎక్కడినుంచో వచ్చి ఆ వీధిలో పిండి, నూకల దుకాణం తెరుస్తాడు. అంతకుముందు ఆ ఇంట్లో దుకాణం లేదు. పరాయివాడు, పైగా వీధి ఆనవాయితీ కాదన్నవాడు. అమ్మకాలు లేక ఆయన పైపు కాలుస్తూ కూర్చుంటాడు. పిండికి పొగవాసన వస్తోందని ఒక మాట పుడుతుంది. ఇక గడప తొక్కేవారే ఉండరు. చివరకు దివాలా తీసి ఆయన ఉరిపోసుకుంటాడు. ఆ పైపు ఎంత అందంగా మాగిందో అని మెచ్చుకోవడమే ఆయనకు మిగిలిన నివాళి. పాత పేట అంటే అందరూ ఒకే కుటుంబంలా ఉండేవారని మనం మురిసిపోతాం. ఆ కుటుంబం తలుపు మూసుకుంటే ఎలా ఉంటుందో కూడా నెరూడా దాచలేదు. అందుకే ఆ కథలను నమ్మబుద్ధవుతుంది. ఆయన పోయిన నాలుగేళ్లకు, 1895లో, ఓస్ట్రుహోవా వీధికి నెరూడోవా వీధి అని పేరు పెట్టారు.

సొంతదారు మారిన కాలం

1948 ఫిబ్రవరిలో చెకొస్లొవేకియాలో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడింది. ఎన్నో ఇళ్లు, భవనాలు ప్రభుత్వపరమయ్యాయి. కొన్ని కార్యాలయాలు, విదేశీ రాయబార కార్యాలయాలు అయ్యాయి. మిగిలిన వాటిని వాటాలు చేసి తక్కువ అద్దెకు ఇచ్చారు. మరమ్మతులకు డబ్బు లేక గచ్చు రాలింది, పైకప్పులు కారాయి. కానీ పడగొట్టి కొత్తవి కట్టడానికీ డబ్బు లేకపోవడం వల్ల పాత పేట పాతగానే నిలిచింది. 1971లో నగరపు పాత భాగమంతటినీ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 1983లో ‘అమేడియస్’ అనే సినిమా తీసినవారికి పద్దెనిమిదవ శతాబ్దపు వియన్నా కావలసి వచ్చినప్పుడు, సెట్టింగులు వేసే పని పెద్దగా లేకుండా ఈ పేట వీధులే పనికివచ్చాయి.

1989 సెప్టెంబరులో ఈ పేటలోని మరో భవనం ప్రపంచ వార్తలకెక్కింది. ఇటాలియన్ వీధిలోని లోబ్కోవిట్జ్ భవనంలో అప్పటి పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయం ఉండేది. తూర్పు జర్మనీ నుంచి వచ్చినవారు గోడ దూకి దాని తోటలో తలదాచుకున్నారు. వారి సంఖ్య నాలుగు వేలకు చేరింది. సెప్టెంబరు 30 సాయంత్రం విదేశాంగ మంత్రి గెన్షర్ ఆ భవనం వసారా నుంచి వారు పశ్చిమానికి వెళ్లవచ్చునని ప్రకటించాడు. ఆరు వారాలలో బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఒకనాడు ఒక ప్రభువు విలాసం కోసం కట్టిన ఇల్లు పిల్లాపాపలతో వచ్చినవారికి ఆశ్రయమైంది.

ఇల్లు తిరిగి వచ్చింది, ఇరుగుపొరుగు పోయింది

1991లో వచ్చిన చట్టం 1948 ఫిబ్రవరి 25 తరువాత అన్యాయంగా పోయిన ఆస్తులను పాత యజమానులకు గాని, వారి వారసులకు గాని తిరిగి ఇచ్చే ఏర్పాటు చేసింది. మొదట దేశంలో స్థిరనివాసం ఉన్నవారికే అన్న షరతు ఉండేది. 1994లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది. నలభై ఏళ్ల తరువాత ఇల్లు తిరిగి రావడం న్యాయమే. అయితే వారసులు ముసలివారు, ఇల్లు శిథిలం, మరమ్మతు ఖర్చు భారం. లోపల ఎన్నో ఏళ్లుగా తక్కువ అద్దెకు ఉంటున్నవారు, వారిలో పెన్షనర్లు ఎందరో. యజమానికి ఆ అద్దెతో పైకప్పు కూడా వేయించడం కష్టం. అద్దెకున్నవారికి ఆ పెన్షన్‌తో వేరే చోట ఇల్లు దొరకడం కష్టం. ఇద్దరిదీ న్యాయమే, ఇద్దరిదీ ఇబ్బందే. చాలామంది వారసులు ఇళ్లు అమ్మేశారు. అద్దెల మీద ప్రభుత్వ నియంత్రణను 2006 నాటి చట్టంతో క్రమంగా సడలిస్తూ వచ్చి, ప్రేగ్‌లో 2012 చివరికి పూర్తిగా ఎత్తివేశారు.

ఈలోగా 1992లో ప్రేగ్ చారిత్రక కేంద్రం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. యాత్రికులు వెల్లువెత్తారు. 2002 ఆగస్టులో వ్లటావాకు మహావరద వచ్చి పేట పల్లపు వీధులు మునిగాయి. వరద తీశాక ఇళ్లు బాగుచేసుకున్నారు. కానీ మెల్లగా వచ్చిన మరో మార్పును అలా తుడిచి బాగుచేయడం వీలుకాలేదు. ఇళ్లు హోటళ్లయ్యాయి, గదులు రోజువారీ అద్దెకు వెళ్లాయి, కూరగాయల దుకాణం ఉన్నచోట జ్ఞాపికల దుకాణం వచ్చింది. ఈ పేటలో ఎక్కువ భాగంతో పాటు నది ఆవలి పాత పట్టణం కూడా చేరి ఉన్న మొదటి వార్డు ప్రాంతంలో 1991లో నలభై వేలకు పైగా జనం నివసించేవారు. ఇప్పుడు ఆ సంఖ్య ముప్పై వేల దరిదాపులకు తగ్గింది. గోడలకు రంగులు మునుపెన్నడూ లేనంత బాగున్నాయి. మూడు వయొలిన్ల బొమ్మ మెరుస్తూనే ఉంది. రాత్రి తొమ్మిది దాటాక కిటికీలో దీపం వెలిగించి, పక్కింటివారిని పేరు పెట్టి పిలిచే మనుషులే తగ్గిపోయారు.

మనకు సంబంధించిన సంగతి

కట్టడాన్ని కాపాడడానికి చట్టం చాలు, డబ్బు చాలు. పేటను కాపాడడానికి అవి చాలవని ఈ చరిత్ర చెబుతోంది. అగ్ని, యుద్ధం, జప్తు, వరద అన్నిటినీ ఆ ఇళ్లు తట్టుకున్నాయి. ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి మళ్లీ పొయ్యి వెలిగించారు కనుక తట్టుకున్నాయి. ఒక వీధి మనుషులను ఈనాటికీ మనం ఎరుగుదుమంటే, ఆ వీధిలో పెరిగిన ఒక దుకాణదారు కొడుకు వారిని గుర్తుపెట్టుకుని రాయడం వల్లనే.

మన సభ్యులలో పాత ఇళ్లలో ఉన్నవారు, వాటిని పిల్లలకు అప్పగించబోతున్నవారు, అమ్మక తప్పని పరిస్థితిలో ఉన్నవారు ఉన్నారు. ఇల్లు నిలపాలా, అమ్మాలా అన్నది ఎవరి ఇంటి లెక్క వారిది, దాని గురించి సలహా చెప్పడం నా ఉద్దేశం కాదు. నా విన్నపం ఒక్కటే. ఆ ఇంటి కాగితాలతో పాటు ఆ ఇంటి కథ కూడా రెండు పుటలలో రాసి పెట్టండి. ఎవరు కట్టించారు, బావి ఎప్పుడు తవ్వించారు, ఏ గదిలో ఎవరు పుట్టారు, అద్దెకున్నవారు ఎవరు, వీధిలో ఆ ఇంటిని ఏమని పిలిచేవారు. సర్వీసులో ఉండగా వేలకొద్దీ ఫైళ్లకు నోట్ రాసినవాళ్లం. మన ఇంటి ఫైలుకు ఒక నోట్ రాసుకోవడం మనకు కష్టమైన పనేమీ కాదు. మనవలు దాన్ని ఇప్పుడే చదవకపోయినా, దాచిపెట్టమని చెప్పండి.